ఆవిడ పడవ ఆవిడ ఎత్తగలగాలి

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది తణుకు. ఉద్యోగం వల్ల చెన్నై వేలచేరిలో ఉంటున్నాం, అపార్టుమెంట్‌లో నాలుగో అంతస్తు. మా ఆవిడకి 36 ఏళ్ళు. ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, 57 కిలోలు. ఈత బాగా వచ్చు. మొన్న సెలవుల్లో ఇక్కడే చెన్నై పక్కనున్న కోవళం దగ్గర కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడపడం నేర్చుకుంది, అప్పటి నుంచి ఇంట్లో అదే గోల. పెళ్ళిరోజుకి ఒకటి కొనిచ్చి సర్‌ప్రైజ్ చేద్దామని ఉంది. బడ్జెట్ 50 వేలు. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. పైన కూర్చునేదా, లోపల కూర్చునేదా, గాలి నింపేదా అన్నది ఎన్ని వీడియోలు చూసినా తేలడం లేదు. ఇద్దరు పట్టేది కొంటే తోడుగా నేనూ వెళ్ళొచ్చు కదా అనీ ఉంది, కానీ నాకు ఈత రాదు. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, వేలచేరి

జవాబు: బాబూ, ముందు ఆ సర్‌ప్రైజ్ మాట పక్కన పెట్టండి. ఆవిడని తీసుకెళ్ళకుండా ఆవిడకి చెప్పులు కొంటారా? కయాక్ కూడా కాళ్ళు చాచి, నడుం ఆన్చి, చూసుకుని కొనుక్కోవాల్సిన వస్తువే. పెళ్ళిరోజుకి చీర పెట్టండి. మర్నాడు ఇద్దరూ కలిసి పడవలు చూడ్డానికి వెళ్ళండి. ఆవిడ ఎత్తూ బరువూ రాశారు, సంతోషం. నాకు ఉత్తరాలు రాసే భర్తలు చాలామంది బడ్జెట్ ఒక్కటే రాస్తారు. కానీ ఆవిడ ఒక్కతే వెళ్ళాలనుకుంటోందా, మీతోనా, నలుగురితో కలిసా అన్నది మీరూ రాయలేదు. అడిగి కనుక్కోండి.

నా కొలత ఒక్కటే. మీరు ఊళ్ళో లేని ఆదివారం నాడు ఆవిడ ఆ పడవని కారెక్కించి, నీళ్ళలో దించి, పడితే మళ్ళీ ఎక్కి, క్షేమంగా ఇంటికి తెచ్చుకోగలగాలి. అలా కుదరకపోతే అది ఎంత మంచి పడవైనా మీ పడవే, ఆవిడది కాదు. నేను వెళ్ళే ముట్టుకాడు ఉప్పుటేరు వైపు ఇలాంటివి చూస్తూనే ఉంటాను. ఆయన ఏరి కోరి కొన్న ముప్పై కిలోల పడవ, ఆయనకి డ్యూటీ పడిన వారం గోడకే ఉండిపోతుంది. ఆవిడేమో ఒడ్డున నిలబడి మా ఫోటోలు తీస్తుంటుంది.

అందుకే ఇద్దరు పట్టేది వద్దంటున్నాను. అది తేలిగ్గా 30 కిలోలు దాటుతుంది, ఒక మనిషి ఎత్తేది కాదు. ముందు కూర్చున్నవాళ్ళు వేసిన వేగానికి వెనకవాళ్ళు తెడ్డు కలపాలి, దారి తిప్పే పని మాత్రం వెనకవాళ్ళది. తెడ్లు టకటకా కొట్టుకోవడం, నువ్వంటే నువ్వనుకోవడం, ఒడ్డుకొచ్చాక కార్లో ఎవరూ మాట్లాడకపోవడం, ఇవన్నీ మామూలే. పైగా మీకు ఈత రాదు. పడవ తిరగబడితే ఆవిడ చూసుకోవాల్సింది పడవనా, మిమ్మల్నా? తోడుండాలన్న మీ కోరిక మంచిదే, దానికి వేరే దారి చెబుతాను.

ముందు మీ అపార్టుమెంట్ సంగతి. పదడుగుల ప్లాస్టిక్ పడవ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. అది ఉండాల్సింది కింద స్టిల్ట్ పార్కింగ్‌లో, గోడకి. కాబట్టి కయాక్ అంగట్లో కాదు, అసోసియేషన్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టండి. ఆయన సరేనంటే వెడల్పాటి పట్టీలు రెండు గోడకి బిగించి, పడవని అంచు మీద నిలిపి వేలాడదీయొచ్చు. సన్నటి కమ్మీల మీద నెలల తరబడి పడుకోబెడితే అడుగు సొట్టపడుతుంది. ఎండ తగలకూడదు, ఈ ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కుతుంది. మీది వేలచేరి కాబట్టి ఇంకో మాట. 2015 డిసెంబరూ, 2023లో మిచాంగ్ తుపానూ చూసినవాళ్ళు మీ పక్కింట్లోనే ఉంటారు. నీళ్ళొస్తే తేలిపోకుండా తాడు కట్టి ఉంచండి. వరద రోజున మాత్రం దాన్ని రోడ్డు మీదకి తీయకండి. ఆ నీళ్ళ కింద మూత లేని మ్యాన్‌హోలుంటుంది, తెగిన కరెంటు తీగ ఉంటుంది. ఎవరైనా అరువడిగినా ఇవ్వకండి.

ఇప్పుడు రకాలు. లోపల కాళ్ళు దూర్చి కూర్చునే సిట్-ఇన్ చలి నీళ్ళ కోసం పుట్టింది. ఉత్తర ధ్రువం వైపు సీల్ వేటగాళ్ళు తోలుతో కుట్టుకున్న పడవ అది, నడుం దాకా కప్పి ఉంచకపోతే మనిషి గడ్డకట్టే చోటు. మన దగ్గర సముద్రం నీళ్ళు ఏడాది పొడుగునా గోరువెచ్చగానే ఉంటాయి. చెన్నై ఎండలో మూతేసిన పడవలో కాళ్ళు ఉడికిపోతాయి తప్ప లాభం లేదు. తిరగబడితే లోపలంతా నీళ్ళు నిండుతాయి, ఒడ్డుకి తెచ్చి తోడుకోవాలి. మొదటి పడవగా నేను చెప్పను.

పైన కూర్చునే సిట్-ఆన్-టాప్‌కి సీటు దగ్గరా, కాళ్ళ దగ్గరా పై నుంచి కింద దాకా తూట్లుంటాయి. పైకొచ్చిన నీళ్ళు వాటిలోంచే దిగిపోతాయి. మొదటిసారి చూసినవాళ్ళు పడవకి చిల్లు పడిందని టెన్షన్ పడతారు, ఏమీ కాదు. వెనక ఉండే చిన్న డ్రెయిన్ ప్లగ్ మాత్రం బిగించి ఉందో లేదో బయల్దేరే ముందు చూసుకోవాలి. అది ఊడితే నీళ్ళు పైన కాదు, బోలుగా ఉన్న పొట్టలోకి చేరతాయి.

గాలి నింపేది మీ నాలుగో అంతస్తుకి బాగానే సరిపోతుంది. మడిస్తే ఒక సంచి, పది నుంచి పదిహేడు కిలోలు, డిక్కీలో పట్టేస్తుంది. కొంటే అడుగు భాగం డ్రాప్-స్టిచ్‌దే కొనండి. లోపల పై పొరనీ కింద పొరనీ వేల దారాలతో కలిపి కుట్టి ఉంటుంది కాబట్టి, గాలి గట్టిగా నింపితే బల్లలా బిగుస్తుంది. మామూలు గాలి తిత్తి మధ్యలో కుంగుతుంది, ఎంత తెడ్డు వేసినా సాగదు. దీని బాధలు దీనికున్నాయి. తేలిక కాబట్టి గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. ముట్టుకాడులో వంతెన స్తంభాలకీ రాళ్ళకీ ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి, వాటి అంచు బ్లేడు లాంటిదే. గాలి నిండా ఉన్న పడవని పదింటి ఎండలో ఇసుక మీద వదిలేసి టిఫినుకి వెళితే, లోపల గాలి వేడెక్కి కుట్లు విడిపోయే ప్రమాదం ఉంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి, మడతల మధ్య కూడా తడి లేకుండా ఆరబెట్టాలి. నాలుగో అంతస్తు బాల్కనీలో పదడుగుల పడవ ఆరేసి ఉంటే బట్టలెక్కడ ఆరేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి.

నా తీర్పు ఇది. సెక్రటరీ గోడ ఇస్తే, తొమ్మిదిన్నర పదడుగుల సిట్-ఆన్-టాప్. ఈ కొలతలో 20 నుంచి 27 కిలోల దాకా దొరుకుతాయి, ఆవిడ కోసం 22 దాటనిది వెతకండి. గోడ దొరక్కపోతే డ్రాప్-స్టిచ్ గాలి పడవ. రెంటికీ మధ్య వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

షాపులో ఆవిడ చేత చేయించాల్సినవి కొన్ని ఉన్నాయి. పడవని నేల మీద పెట్టించి ఎక్కి కూర్చోమనండి. పాదాల ముందు భాగం ఆనేలా, మోకాళ్ళు కొద్దిగా వంగి ఉండాలి. చాలా పడవల్లో కాళ్ళు ఆన్చే గుంటలు మగవాళ్ళ కొలతకి పోసి ఉంటాయి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి ఒక గుంట దూరమై, దాని ముందుది దగ్గరై, మధ్యలో కాలు వేలాడుతుంది. కాలికి ఆసరా లేకపోతే ప్రతి తెడ్డుకీ వీపు వెనక్కి జారుతుంది, అరగంటకి నడుం పట్టేస్తుంది. జరుపుకునే ఫుట్ పెగ్స్ ఉన్నవి దొరికితే వదలొద్దు. తర్వాత వెడల్పు. 33, 34 అంగుళాల పడవ ఎక్కగానే బల్ల మీద కూర్చున్నట్టు నిశ్చలంగా ఉంటుంది, అమ్మేవాళ్ళు అదే చూపిస్తారు. కానీ చేతులు పొట్టిగా ఉన్నవాళ్ళు ఆ అంచు దాటి తెడ్డు ముంచాలంటే మోచెయ్యి పైకెత్తాలి, వేళ్ళ కణుపులు అంచుకి గీసుకుపోతాయి. ఆవిడకి 28 నుంచి 30 అంగుళాలు చాలు. ఎంత బరువు మోస్తుందన్న అంకె కూడా పెద్దదైతే గొప్పేం కాదు. 180 కిలోలు మోసే పడవలో 57 కిలోల మనిషి కూర్చుంటే అది నీటి మీద ఎత్తుగా తేలి గాలికి తిరిగిపోతుంది. 110, 120 మోసేది ఆవిడకి సరిగ్గా సరిపోతుంది.

కొనేముందు అద్దెకి దొరికిన అలాంటి పడవ మీదే ఒక పొద్దుట ఈ పని చేయించండి, పక్కన తెలిసిన మనిషి ఉండగా. నడుం లోతులో కాదు, నేల అందని చోట. కావాలనే తిరగబడాలి. బోర్లా పడ్డ పడవ అడుగు నున్నగా ఉంటుంది, పట్టు దొరకదు. దాని మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టుకుని, ఇవతలి అంచు మీద మోకాలు ఆన్చి వెనక్కి వాలితే అది తిరుగుతుంది. చాలామంది వెంటనే చేతుల బలంతో నిలువుగా పైకి లేవబోతారు. అలా లేస్తే పడవ మళ్ళీ మీదకి వచ్చేస్తుంది. ముందు కాళ్ళు వెనక్కి తేలాలి. తపతపా కొట్టుకుంటూ, ఈదుతున్నట్టే పడవ మీదకి పాకాలి. లైఫ్ జాకెట్ ముందు బకిల్ సరిగ్గా అంచుకి తగులుకుంటుంది, అక్కడే సగం మంది ఆగి జారిపోతారు. ఇంకో తాపు గట్టిగా తన్ని, బొడ్డు సీటు దాకా వచ్చేలా పడవకి అడ్డంగా బోర్లా పడుకోవాలి. ఊపిరి తీసుకుని, వెల్లకిలా దొర్లి సీట్లో నడుం దించి, ఆఖరున కాళ్ళు లోపలికి తెచ్చుకోవాలి. ఇది ఏ పడవ మీద ఆవిడ అలిసిపోయాక కూడా చేయగలదో ఆ పడవ కొనండి. రంగు తర్వాత చూడొచ్చు.

50 వేలూ పడవకే పెట్టకండి. పడవతో ఉచితంగా ఇచ్చే అల్యూమినియం తెడ్డు కిలో పైనే ఉంటుంది. నిమిషానికి ముప్పైసార్లు వేసినా గంటకి 1800 సార్లు ఆ బరువు ఎత్తాలి. ఫైబర్‌గ్లాస్ కాడ ఉన్నది, ఆవిడ చేతిలో ఇమిడేంత సన్నటిది, 220 సెంటీమీటర్లది తీసుకోండి. లైఫ్ జాకెట్ బోట్ హౌసుల్లో మెడకి తగిలించే నారింజ దిండు కాదు. కయాక్ కోసం చేసినది, చంకల దగ్గర ఖాళీ ఉండి, వెనక కింది భాగం సీటు వీపుకి తగలకుండా పైకి ఉండేది చూడండి. అన్ని పట్టీలూ బిగించాక మీరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది ఆవిడ సైజు కాదు. ఒక విజిల్ కట్టండి. దూరం నుంచి తెప్పిస్తుంటే లారీ ఛార్జీ ఎంతో, ఇంటికి తెస్తారో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దగ్గరే దించేస్తారో ముందే అడగండి. చాలామంది బడ్జెట్ అక్కడే గల్లంతవుతుంది.

కారు మీదకి ఒక్కతే ఎక్కించడం కష్టమేమీ కాదు. కారు పైకప్పుకి అడ్డ కమ్మీలు బిగించాక, వెనక పైఅంచు మీద పాత యోగా మ్యాట్ వేసి, పడవ ముక్కు దాని మీద ఆన్చాలి. తర్వాత వెనక్కి నడిచి తోక ఎత్తి ముందుకి తోస్తే అదే జారుకుంటూ వెళుతుంది. ఏ క్షణంలోనూ సగం బరువు మించి మోయక్కర్లేదు. కట్టడానికి చేత్తో లాగి బిగించే క్యామ్ బకిల్ పట్టీలే వాడండి. లారీలకి వాడే, మీటతో బిగించే ర్యాచెట్ పట్టీతో మగవాళ్ళు బలం చూపించి బిగిస్తారు, ఎండకి మెత్తబడ్డ ప్లాస్టిక్ అక్కడే గుంట పడుతుంది. పట్టీని ఒక మెలిక తిప్పి కడితే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద గాలికి బుయ్యిమని మోగదు.

ఇక నీళ్ళు. నేను కోనసీమలో పడవల మధ్య పుట్టినదాన్ని, బ్యాంకు ఉద్యోగం చెన్నైకి తెచ్చింది, రిటైరయ్యాక మళ్ళీ తెడ్డు పట్టాను. ఒకప్పుడు మన పెదగంజాం నుంచి చెన్నపట్నం మీదుగా మరక్కాణం దాకా బకింగ్‌హామ్ కాలువలో సరుకు పడవలు నడిచేవి. ఇప్పుడు ఊళ్ళో ఆ కాలువ పక్కన నడిస్తే ముక్కు మూసుకోవాలి. కూవం, అడయారు నగరం మధ్యలో అంతే. రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం తాగునీటి చెరువులు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. మిగిలింది ఈసీఆర్ మీద ముట్టుకాడు ఉప్పుటేరు. 1984 నుంచి అక్కడ టూరిజం వాళ్ళ బోట్ హౌస్ ఉంది. స్పీడ్ బోట్లు తిరిగే వైపు కాకుండా, ఎక్కడ దించుకోవచ్చో అడిగి దించండి.

ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు మాత్రం మొదటి ఏడాది వెళ్ళొద్దని ఆవిడకి నా మాటగా చెప్పండి. ఈశాన్య రుతుపవనాల వానలకి కోవళం దగ్గర ఇసుక మేట తెగి సముద్రంతో కలుస్తుంది. పోటప్పుడు ఏమీ తెలియదు. పాటు మొదలైతే ఏరంతా ఆ సందులోంచి సముద్రంలోకి లాగుతుంది, ఎదురుగా అలలు విరుగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు తెడ్డు వేయడం కొత్తవాళ్ళ వల్ల కాదు. వేసవిలో పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి లేచి లోపలికి తోస్తుంది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు, అలిసి వచ్చేటప్పుడు గాలివాటు ఉండేలా దారి చూసుకోవాలి. తెల్లారుతూనే దిగి, తొమ్మిదికల్లా ఒడ్డెక్కేస్తే ఎండా గాలీ రెండూ తప్పుతాయి.

మీరు తోడుండే దారి చెబుతానన్నాను కదా. ఆవిడ ఏ వైపు వెళుతోంది, ఎన్నింటికి వస్తుంది అన్నది రాసిపెట్టుకుని ఒడ్డున ఉండేది మీరు. చెప్పిన టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో మీకు తెలిసుండాలి. ఫోన్ చూస్తూ కూర్చోకండి. ఈలోగా వేలచేరిలోనే స్విమ్మింగ్ పూల్ ఉంది, చేరిపోండి. ఈత వచ్చాక మీకో పడవ సంగతి మాట్లాడుకుందాం, అప్పుడు ఏది కొనాలో మీ ఆవిడే చెబుతుంది.

ప్రశ్న: మా ఆయన 94 కిలోలు, ఆరడుగులు. పులికాట్‌లో కయాక్ మీద కూర్చుని గాలం వేయాలని సరదా. పైన చెప్పినవన్నీ ఆయనకీ వర్తిస్తాయా? గాలి పడవ చవకగా వస్తోంది.
— పాఠకురాలు, పెరంబూర్

జవాబు: గాలం ముల్లూ, గాలి పడవా ఒకచోట ఎందుకమ్మా? వద్దు. ఆయన బరువుకి వెడల్పు లెక్క మారుతుంది. గాలం వేసేటప్పుడు పక్కకి తిరగాలి, వంగాలి, చేప గుంజితే ఒరగాలి. 33 అంగుళాలకి తక్కువైతే సుఖం ఉండదు. మోసే బరువు అంకెలో మూడింట రెండొంతులు దాటకుండా చూసుకోండి. ఆయన 94, సామాను ఓ పది, నీళ్ళు, ఐస్ పెట్టె, అంటే 170, 180 మోసే పడవ. అలాంటిది ఖాళీగానే 35 కిలోలు తూగొచ్చు, చక్రాల బండి కూడా కొనాల్సిందే.

పులికాట్ లోతు తక్కువ, చాలాచోట్ల మనిషి నిలబడేంతే. దిగి తోసుకుందామంటే బురద మోకాలి దాకా మింగుతుంది, బూట్లు కట్టుకునే రకం వేసుకోమనండి. అది పక్షుల సంరక్షణ ప్రాంతం కూడా, ఫ్లెమింగోలు వచ్చే చలికాలంలో మరీను. అటవీశాఖ వాళ్ళని అడగకుండా దిగొద్దు. ఇంకో విషయం, ఖాళీగా కనిపించే ఆ నీళ్ళు ఖాళీవి కావు. ఏ చోట ఏ రోజు ఎవరు వల వేయాలన్నది అక్కడి మత్స్యకారులు వంతులు వేసుకుంటారు, దాన్ని పాడు పద్ధతి అంటారు. ఎవరి వంతు చోటులోకో మనం సరదాగా వెళ్ళి కూర్చుంటే వాళ్ళ ఆ రోజు కూలి పోతుంది. వల బెండ్లు వరసగా తేలుతూ కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళాలి, మీదుగా కాదు. దిగే ముందు ఒడ్డున ఉన్న ఎవరినైనా అడిగితే ఎక్కడ వలలున్నాయో, ఎక్కడ బురదో చెబుతారు. తమిళ్ రాదని ఆయన మొహమాటపడితే, సూళ్ళూరుపేట వైపు ఒడ్డుకి వెళ్ళమనండి.